చన్నివ్వడం, పంపు పెట్టడం: పురిటి మంచం నుంచి ఆఫీసు దాకా

నాలుగో రోజు పొద్దున నర్సు పాపను తూకం వేసి, "తొమ్మిది శాతం తగ్గిందండీ" అంది. పుట్టినప్పుడు 2.6 కిలోలు, ఆ రోజుకి 2.36. 37 వారాలకే పుట్టిన పిల్ల. రొమ్ము పట్టుకునేది, పది గుటకలు వేసేది, నిద్రలోకి జారిపోయేది. పిల్లల డాక్టరు వచ్చి, "ప్రతిసారీ ముందు చన్నివ్వండి, తర్వాత పంపుతో తీసి ఆ పాలు కూడా పట్టండి" అని చెప్పి వెళ్లిపోయారు. ఎంతసేపు తీయాలి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలి, రాత్రి కూడా లేవాలా, ఇదంతా ఎప్పుడు మానాలి? ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఎప్పుడు మానాలో తెలియకే మూడో వారంలో 102 జ్వరంతో, రాయిలా గట్టిపడ్డ రొమ్ముతో మంచమెక్కాను.

ఆ తర్వాత లాక్టేషన్ కన్సల్టెంట్ (చన్నివ్వడం నేర్పే నిపుణురాలు) దగ్గర కూర్చుని సరిచేసుకున్నవి, నలుగురు స్నేహితురాళ్లకు ఫోన్లో చెప్పీ చెప్పీ అరిగిపోయినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. నెలలు బాగా తక్కువై ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్ల విషయంలో అక్కడి డాక్టర్ల లెక్కే లెక్క.

1. ముందు కారణం, తర్వాత పంపు

మా అమ్మమ్మ ఇంట్లో పాలు పితికే ముందు దూడను వదిలేవారు. అది పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మి కుడిస్తే గానీ గేదె చేపేది కాదు. చేపాక దూడను పక్కకు లాగి పితికేవారు, చివర్లో మళ్లీ దానికి కాస్త వదిలేవారు. మనకు జరిగేదీ అంతే. బిడ్డ చప్పరిస్తే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు చేపుకు వస్తాయి. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ నెమ్మదిస్తుంది, బయటికి వెళ్లేకొద్దీ వేగం పుంజుకుంటుంది. పంపు పెట్టిన ప్రతిసారీ ఇంట్లో ఇంకో బిడ్డ ఉన్నట్టే శరీరం అనుకుంటుంది.

అందుకే పంపు చేతిలోకి తీసుకునే ముందు "ఇప్పుడు ఎందుకు?" అని అడగండి. బిడ్డ సరిగ్గా తాగలేకపోతోంది, బరువు పెరగట్లేదు అంటే కారణం ఉంది. బిడ్డ మీ దగ్గర లేకపోతే కారణం ఉంది. రొమ్ము గట్టిపడి బిడ్డ నోటికి అందట్లేదంటే రెండు నిమిషాలకు కారణం ఉంది. ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడితే కారణం ఉంది. "ఎన్ని వస్తాయో చూద్దాం" అన్నది కారణం కాదు. సీసాలో కనిపించే మిల్లీలీటర్లు మీ పాలకు కొలత కాదు. చక్కగా తాగే బిడ్డ తీసుకునేన్ని పాలు చాలాసార్లు పంపు తీయలేదు.

బిడ్డ బరువు బాగా పెరుగుతోంది, మీకు నాలుగైదు నెలల సెలవు ఉంది అనుకోండి. పంపును మొదటి నాలుగైదు వారాలు అట్టపెట్టెలోనే ఉంచండి. సీమంతానికి ఎవరో కానుకగా ఇచ్చారని వాడాల్సిన పని లేదు.

2. ముర్రుపాల రోజుల్లో చెయ్యే పంపు

కాన్పయ్యాక గంటలోపే బిడ్డను రొమ్ముకు పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సిజేరియన్ అయినా మత్తు దిగకముందే పక్కన పడుకోబెట్టి ఇవ్వొచ్చు, నర్సును అడగండి. మొదటి రోజు బిడ్డకు పూటకు పట్టేది 2 నుంచి 10 మిల్లీలీటర్లే. ముర్రుపాలు చిక్కగా, జిగటగా, బొట్లు బొట్లుగా వస్తాయి. పంపు పెడితే ఆ బొట్లు సీసా గోడలకే అంటుకుపోతాయి. "ఏమీ రావట్లేదు" అని ఏడుపొస్తుంది. చేత్తో తీస్తే గరిటెడు కాకపోయినా చెంచాడు వస్తాయి.

పద్ధతి ఇది. చేతులు కడుక్కుని, బొటనవేలు చనుమొనకు పైన, మిగతా వేళ్లు కింద, మొన నుంచి రెండు మూడు సెంటీమీటర్ల వెనక్కి పెట్టండి. ముందు ఛాతీ వైపుకి నెట్టండి, తర్వాత వేళ్లు దగ్గరికి నొక్కండి, వదిలేయండి. చర్మం మీద వేళ్లు జారకూడదు, మొనను లాగకూడదు. నొక్కడం, వదలడం, ఒక లయలో. నిమిషం దాకా ఏమీ రాకపోవచ్చు, ఆగకండి. చుక్కలు ఆగితే వేళ్లు గడియారం ముల్లులా కొంచెం జరపండి. శుభ్రమైన స్టీలు చెంచాలోనే పట్టి అలాగే బిడ్డ పెదవుల దగ్గర పెట్టొచ్చు.

ఈ రోజుల్లో తేనె నాకించడం, పంచదార నీళ్లు, వస అరగదీసి పెట్టడం వద్దు. తేనెతో పసిపిల్లలకు బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఏడాది నిండేదాకా దాన్ని ముట్టించకూడదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేకపోతే డాక్టరు మీద పెట్టేయండి. నేను అదే చేశాను.

3. చాలుతున్నాయా లేదా: ఏడుపు కాదు, తడిగుడ్డలు లెక్కపెట్టండి

"అమ్మాయ్, పిల్లకి పాలు చాలట్లేదేమో" అని మా అత్తయ్య రోజుకు నాలుగుసార్లు అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను పంపు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఏడుపును బట్టి పాలు కొలవడం మొదలుపెడితే ఏ తల్లి పాలూ చాలవు.

నిజమైన కొలతలు ఇవి. మొదటి రోజు ఒక తడిగుడ్డ, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అయిదారు రోజులు దాటాక 24 గంటల్లో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ. మలం నల్ల తారులా మొదలై, పచ్చబారి, అయిదో రోజుకల్లా ఆవపిండి రంగులోకి రావాలి. బరువు మొదటి రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతానికి దగ్గరైతే తప్పకుండా చూడాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు చేరాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఈ అంకెలు బాగుంటే పంపు అవసరం లేదు, మీ రొమ్ము మెత్తగా ఉన్నా సరే, సాయంత్రం ఆరు నుంచి పది దాకా బిడ్డ వదలకుండా కుడుస్తున్నా సరే. సాయంత్రాల్లో అలా వరసగా కుడవడం పిల్లల అలవాటు. దాన్ని పాలు తక్కువయ్యాయనుకుని డబ్బాపాలకు పోయేవాళ్లు చాలామంది.

రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. పచ్చకామెర్లున్న పిల్లలు, నెల తక్కువ పిల్లలు ఆకలేసినా లేవరు. మూడు గంటలు దాటితే మీరే లేపండి. బట్టలు విప్పి డైపరు మీద ఛాతీకి ఆనించుకుంటే మెల్లగా లేస్తారు. అరికాళ్లు, అరిచేతుల దాకా పసుపు రంగు పాకినా, ఎనిమిది గంటలు మూత్రం లేకపోయినా, లేపినా లేవకపోయినా, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటినా వెంటనే ఆస్పత్రికి. అది పంపుతో తేలే పని కాదు.

4. మూడు పనుల చక్రం: చన్ను, గిన్నె, పంపు

బరువు తగ్గిన పిల్లకు మా డాక్టరు చెప్పింది ఇదే. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి రోజంతా. అందుకే దీన్ని గడియారం పెట్టుకుని చేయాలి. గంటలోపు మొత్తం ముగియకపోతే మీకు నిద్ర అనేదే ఉండదు.

మొదటి 20 నిమిషాలు చన్ను. రెండు వైపులా. బిడ్డ గుటకలు వేస్తోందా అని చూడండి, పెదవులు కదిపినంత మాత్రాన తాగినట్టు కాదు. దవడ కిందికి దిగి, చిన్న విరామం, "క" అన్నట్టు చిన్న చప్పుడు, అది గుటక. గుటకలు తగ్గితే రొమ్మును చేత్తో మెల్లగా నొక్కి పట్టుకోండి, పాలు దిగి మళ్లీ మింగుతుంది. పూర్తిగా ఆగిపోతే వైపు మార్చండి. నలభై నిమిషాలు నోట్లో పెట్టుకుని నిద్రపోతే ఆ పిల్లకు ఖర్చయ్యే శక్తి వచ్చేదానికన్నా ఎక్కువ.

తర్వాత 15 నిమిషాలు గిన్నె. ముందుసారి తీసిన పాలు పట్టాలి. ఇది ఇంట్లో మరొకరి పని. మా ఇంట్లో మా ఆయనకు అప్పగించాను, ఉగ్గుగిన్నెతో పట్టడం రెండు రోజుల్లో నేర్చుకున్నారు. మన ఇళ్లలో వెండి ఉగ్గుగిన్నె అటక మీద ఉండే ఉంటుంది. ఆస్పత్రుల్లో అదే ఆకారం స్టీలుదాన్ని తమిళ పేరుతో పాలాడ అంటారు. బిడ్డను కూర్చున్నట్టు నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కును బిడ్డ కింది పెదవి మీద ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. పడుకోబెట్టి గొంతులో పోయకూడదు.

ఎంత పట్టాలి? మామూలుగా రెండో రోజు పూటకు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60 మిల్లీలీటర్లు. వారం చివరికి కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లు అని లెక్క. 2.6 కిలోల పిల్లకు రోజుకు 390, ఎనిమిది పూటలకు పంచితే 49. ఇది మొత్తం ఆహారం లెక్క, రొమ్ము నుంచి తాగింది ఇందులో తీసేయాలి. మీ పాలు ఇంకా అంత రాకపోతే, దాత పాలు (వేరే తల్లి ఇచ్చినవి) దొరక్కపోతే, డాక్టరు రాసిన డబ్బాపాలు ఆ కొన్ని రోజులు పట్టండి. అందులో నేరమేమీ లేదు. ఆకలితో ఉన్న పిల్లకు రొమ్ము పట్టుకునే ఓపిక కూడా ఉండదు.

ఆఖరి 15 నిమిషాలు పంపు. రెండు వైపులా ఒకేసారి తీసేదైతే ఇక్కడ సగం సమయం మిగులుతుంది. చన్నిచ్చాక తీస్తున్నారు కాబట్టి రెండింటా కలిపి 15 నుంచి 60 మిల్లీలీటర్లు వస్తే అది మామూలే. బిడ్డ అసలు రొమ్మే పట్టకపోతే పంపే బిడ్డ స్థానంలో ఉన్నట్టు, అప్పుడు రోజుకు ఎనిమిదిసార్లు తీయాలి, రాత్రిపూట అయిదు గంటలకు మించి ఖాళీ ఇవ్వకూడదు. రొమ్ము పట్టి కొంత తాగే పిల్లకైతే ఎనిమిదికి ఎనిమిది అక్కర్లేదు. నాకు రాత్రి రెండు గంటల పంపు ఒకటి వదిలేయమని కన్సల్టెంట్ చెప్పాక బతికాను.

ఈ చక్రం మొదలుపెట్టిన రోజే, ఆపే రోజు కూడా క్యాలెండరు మీద గీయండి. మూడు నాలుగు రోజులకొకసారి తూకం, వారానికి ఒకసారి "ఇంకా అవసరమా?" అన్న ప్రశ్న. ఈలోపు అసలు సమస్య ఏమిటో వెతికించాలి. నాలుక కింద తీగ బిగుతుగా ఉందా, పట్టే తీరు సరిగ్గా ఉందా అని బిడ్డను చూపించండి. మీకు థైరాయిడ్ ఉందా, కాన్పులో రక్తం బాగా పోయిందా, మాయ ముక్క లోపల మిగిలిందా అన్నదీ చూస్తారు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లు బాలింత పత్యం పేరుతో దాన్ని మానకండి.

5. పంపు అమరిక

పంపుతో నొప్పి వస్తే ఎక్కడో పొరపాటుందని అర్థం. చాలావరకు ఆ పొరపాటు ఫ్లాంజ్ కొలతలోనే, అంటే రొమ్ము మీద ఆనించే గరాటులో. పెట్టెలో సాధారణంగా 24 మిల్లీమీటర్లది వస్తుంది. నా చనుమొన అడుగు వెడల్పు 15. అంత తేడా ఉంటే మొనతో పాటు చుట్టూ ఉన్న నల్లభాగం కూడా సొరంగంలోకి లాగేస్తుంది. వాచిపోతుంది, పాలు తక్కువ వస్తాయి. స్కేలుతో మొన అడుగు కొలిచి, దానికి సున్నా నుంచి మూడు మిల్లీమీటర్లు కలిపి ఆ కొలత గరాటు, లేదా లోపల పెట్టుకునే సిలికోన్ ఇన్సర్ట్ తెప్పించుకోండి. ఖర్చు కొద్దిగానే.

ముందు వేగంగా, తేలిగ్గా లాగే మోడ్ ఒకటిరెండు నిమిషాలు, అది బిడ్డ మొదట్లో చేసే చప్పరింపుకు నకలు. పాలు చిమ్మడం మొదలయ్యాక నెమ్మదిగా లోతుగా లాగే మోడ్. గుంజుడు బలం పెంచితే పాలు పెరగవు. నొప్పి అనిపించే చోటు నుంచి ఒక మెట్టు కిందికి దిగండి. పంపు నడుస్తుండగా రొమ్మును చేత్తో అక్కడక్కడా నొక్కుతుంటే ఎక్కువ దిగుతాయి, చివర్లో రెండు నిమిషాలు చేత్తో తీస్తే ఇంకా కొంచెం. సీసా వైపు చూస్తూ కూర్చోకండి. నేను సీసాకు పాప సాక్సు తొడిగేదాన్ని, నవ్వులాటగా మొదలైంది గానీ పని చేసింది. వీలైతే ఒక వైపు పాప కుడుస్తుండగా రెండో వైపు పంపు పెట్టండి. దూడ చేపిస్తే మనం పితికినట్టన్నమాట.

కడగడం గురించి క్లుప్తంగా. పాలు తగిలిన ప్రతి ముక్కా ప్రతిసారీ, సింకులో కాకుండా విడిగా ఒక బేసిన్‌లో, విడి బ్రష్షుతో, సబ్బునీళ్లతో. రోజుకోసారి అయిదు నిమిషాలు మరిగించి గాలికి ఆరబెట్టాలి. రబ్బరు గొట్టం కడగొద్దు, తడి కనిపిస్తే పంపును ఉత్తినే కాసేపు నడిపితే ఆరుతుంది, బూజు పడితే పారేయాలి. ఉన్నట్టుండి పాలు తగ్గాయంటే మీ శరీరాన్ని తిట్టుకునే ముందు పంపులో ఉండే చిన్న సిలికోన్ వాల్వు మార్చి చూడండి.

6. పంపు మానడం

నేను తప్పు చేసింది ఇక్కడే. రెండో వారం చివరికి పాప 2.65కి వచ్చింది, గుటకలు వినిపిస్తున్నాయి, అయినా నేను రోజుకు ఎనిమిదిసార్లు పంపు పెడుతూనే ఉన్నాను. భయం. ఫ్రీజరు నిండుతుంటే గొప్పగా ఉండేది. పాలు ఎక్కువై, పాప ఉక్కిరిబిక్కిరై రొమ్ము వదిలేసి ఏడ్చేది, అది చూసి పాలు చాలట్లేదని మళ్లీ పంపు. ఒక రాత్రి అలసిపోయి ఆరు గంటలు పడుకున్నాను. తెల్లారేసరికి ఎడమ వైపు ఎర్రటి గడ్డ, చలి, జ్వరం.

మానడం ఎప్పుడంటే, వరసగా రెండు తూకాల్లో రోజుకు 20 గ్రాములకు తగ్గకుండా పెరిగినప్పుడు, గిన్నెతో పట్టే పాలు మిగిలిపోతున్నప్పుడు. ఒక్కసారిగా కాదు. మూడు నాలుగు రోజులకు ఒక పంపు తగ్గించండి, ముందుగా పాలు తక్కువ వచ్చే సాయంత్రపుది. మానేసిన చోట రొమ్ము బరువుగా ఉంటే చేత్తో ఒకటి రెండు చెంచాలు తీసి వదిలేయండి, ఖాళీ చేయొద్దు. గిన్నె పాలు కూడా అలాగే, పూటకు 10 మిల్లీలీటర్ల చొప్పున. కన్సల్టెంట్ దగ్గర గ్రాముల్లో చూపే కాటా ఉంటే చన్నిచ్చే ముందు, తర్వాత అదే బట్టలతో తూచి ఎంత తాగిందో చూడొచ్చు. ఒక్క పూట అంకె చూసి మాత్రం ఏమీ తేల్చుకోకండి.

గడ్డ కడితే ఏం చేయాలన్నదానిలో పాత సలహా మారింది. వేడి కాపడం పెట్టి గట్టిగా పిసికి మొత్తం ఖాళీ చేయమని మా అమ్మ, పక్కింటి పిన్నిగారు, అందరూ చెప్పారు. చన్నివ్వడం మీద పనిచేసే డాక్టర్ల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి పూర్తిగా ఎదురు. లోపల వాపు ఉంది, పిసికితే ఇంకా వాస్తుంది, పంపుతో అదనంగా తీస్తే ఇంకా పాలు వస్తాయి. బిడ్డకు మామూలుగా ఎన్నిసార్లు ఇస్తారో అన్నిసార్లే ఇవ్వండి, ఆ వైపు కూడా. ఆ పాలతో బిడ్డకు హాని లేదు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. డాక్టరును అడిగి వాపు తగ్గే మాత్ర వేసుకోండి. 24 గంటల్లో తగ్గకపోయినా, జ్వరం పెరిగినా యాంటీబయోటిక్ కావాల్సి రావచ్చు, వెళ్లి చూపించుకోండి. రొమ్ము మరీ బిగుసుకుని బిడ్డ నోటికి పట్టకపోతే, చనుమొన చుట్టూ అయిదు వేళ్లు ఆనించి నిమిషం పాటు లోపలికి నొక్కి పట్టుకోండి. వాపు వెనక్కి జరిగి మొన చుట్టూ మెత్తబడుతుంది.

పాలు పెరగడానికి తినేవాటి గురించి అడుగుతారు. మునగాకు, మెంతులు, వెల్లుల్లి కారం, గోదావరి, కోస్తా ఊళ్లలో పాలసొర చేప. ఇష్టంగా తినండి, అవి మంచి తిండి. కానీ పాలు తీయకుండా వాటివల్ల పాలు పెరగవు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పట్టింపు మాత్రం మే నెలలో పనికిరాదు, దాహమేసినంత తాగాల్సిందే. బిడ్డకు మాత్రం ఎండాకాలంలోనూ ఆరు నెలల దాకా నీళ్లు వద్దు, పాలలోనే ఉన్నాయి. పాలు పెరిగే మాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. కొన్నింటికి గుండె లయ మీద ప్రభావం ఉంటుంది.

7. మన ఎండల్లో పాలు నిల్వ

తీసిన పాలు గది వేడిలో నాలుగు గంటలు ఉంటాయని ప్రతిచోటా రాసి ఉంటుంది. ఆ గది 25 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ అని పక్కనే చిన్నగా ఉంటుంది. మే నెలలో రాజమండ్రిలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ లెక్క చెల్లదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపు అరల్లో కాదు, లోపల వెనకవైపు. డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా బాగుంటాయి. ఐసు ప్యాకులున్న కూలర్ సంచిలో 24 గంటలు. గడ్డకట్టినవి కరిగాక ఫ్రిజ్‌లో 24 గంటలే, మళ్లీ గడ్డ కట్టించకూడదు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడాలి, లేదా పారబోయాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రీజరు తలుపు తీయకండి. పాలలో మంచు పలుకులు ఇంకా ఉంటే ఫర్వాలేదు, తిరిగి గడ్డ కట్టించొచ్చు.

60 మిల్లీలీటర్ల చిన్న సంచుల్లో, తేదీ రాసి, పలచగా పడుకోబెట్టి గడ్డ కట్టించండి. త్వరగా కరుగుతాయి, వృథా తక్కువ. వేడి పాలు చల్లటి పాలలో కలపకండి, రెండూ చల్లారాక కలపండి. మీగడ పైకి తేలడం మామూలే, మెల్లగా తిప్పితే కలుస్తుంది.

రెండు హెచ్చరికలు మన ఇళ్లకు ప్రత్యేకం. ఒకటి, పెద్దవాళ్లు అలవాటుగా ఆ పాలు కాస్తారు. కాచకూడదు, మైక్రోవేవ్ కూడా వద్దు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే చాలు. రెండోది, సీసాకు ఎర్ర టేపు అంటించండి. మా మావయ్యగారు ఒక ఉదయం కాఫీ కలుపుకోబోతూ ఆఖరి క్షణంలో ఆగారు. ఆ రోజు నుంచి ఫ్రిజ్ పై అర వైపు ఆయన చూడటం కూడా మానేశారు.

8. సీసా ఎప్పుడు, ఎలా

చన్ను కుదురుకున్నాక, అంటే సుమారు మూడు నాలుగు వారాలు దాటాక. అంతకుముందు చెంచా, ఉగ్గుగిన్నె చాలు. చాలామంది పిల్లలు సీసా జోలికే పోకుండా గిన్నెతో గడిపేస్తారు. సీసా తప్పనిసరైతే అతి నెమ్మదిగా పారే నిపిల్ కొనండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాను అడ్డంగా పట్టి, అరనిమిషానికోసారి కిందికి దించి ఊపిరి తీసుకోనివ్వండి. 60 మిల్లీలీటర్లు తాగడానికి పది పదిహేను నిమిషాలు పట్టాలి. మూడు నిమిషాల్లో గటగటా తాగేసిన పిల్లకు రొమ్ము దగ్గర కష్టపడటం నచ్చదు. తల్లి పట్టకూడదు, తండ్రి గానీ అమ్మమ్మ గానీ పట్టాలి. సీసా పూర్తిచేయించాలన్న పంతం వద్దు.

9. ఉద్యోగంలో చేరే ముందు

మన దేశంలో 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు, 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసేచోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే గది), అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లివచ్చే వీలు కూడా ఉన్నాయి. అడిగితేనే ఇస్తారు చాలాచోట్ల. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు ఇంత సెలవు ఉండదు, ఎనిమిది పది వారాలకే వెళ్లాల్సినవాళ్లు ఎక్కువ. అక్కడ 2022లో వచ్చిన పంప్ చట్టంతో ఏడాది పాటు బాత్‌రూమ్ కాని గదిలో పంపు పెట్టుకునే విరామం హక్కు చాలామందికి ఉంది. పంపు కూడా ఇన్సూరెన్స్ కింద వస్తుంది, కొనే ముందు అడగండి.

చేరడానికి మూడు వారాల ముందు రోజుకు ఒక్క పంపు మొదలుపెట్టండి. తెల్లవారుజామున చన్నిచ్చిన అరగంటకు, ఆ వేళ పాలు ఎక్కువగా ఉంటాయి. పంపు అయిన వెంటనే బిడ్డ అడిగితే ఇచ్చేయండి, రొమ్ము కుండలా ఖాళీ అయిపోయేది కాదు. ఎంత దాచాలి? ఒకటి నుంచి ఆరు నెలల పిల్లలు రోజంతా కలిపి సగటున 750 మిల్లీలీటర్లు తాగుతారు, అంటే గంటకు 30 చిల్లర. హైదరాబాద్ ట్రాఫిక్‌తో కలిపి మీరు పది గంటలు బయట ఉంటే 300 నుంచి 400. మొదటి రోజుకు ఆ 400, చేయి జారి పారబోసుకునే దానికి ఇంకో 200 ఉంటే చాలు. ఆ తర్వాత ఈ రోజు ఆఫీసులో తీసింది రేపటికి. ఫ్రీజరు నింపే పోటీ పెట్టుకోకండి, పెట్టుకున్న నేను ఏమయ్యానో చెప్పాను కదా.

ఆఫీసులో సుమారు మూడు గంటలకొకసారి, మొత్తం మూడుసార్లు. బయల్దేరే ముందు ఇంట్లో చన్ను, వచ్చాక సంచి కింద పెట్టకముందే చన్ను, రాత్రంతా అడిగినప్పుడల్లా. శని ఆదివారాలు పంపు ముట్టుకోవద్దు, పాపే తాగుతుంది. మొదటి రోజు గురువారమో శుక్రవారమో అయ్యేలా చూసుకోండి, రెండు రోజుల్లో వారాంతం వస్తుంది. డెస్కులో ఒక ముదురు రంగు చున్నీ, అదనపు వాల్వు, చార్జరు ఉంచండి. చార్జరు మర్చిపోయిన రోజు రెండో భాగంలో చెప్పిన చేతి పద్ధతి అక్కరకొస్తుంది, నాకు రెండుసార్లు వచ్చింది.

మీకు ఏడుపు ఆగకపోతే, రెండు వారాలు దాటినా ఏదీ చేయాలనిపించకపోతే, అది పాల సమస్య కాకపోవచ్చు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు. పంపు మానేస్తే నిద్ర దొరికి మనిషి కోలుకుంటుందనిపిస్తే మానేయడమూ వైద్యమే.

ఇంత చేసీ పాలు మిగిలితే, పారబోయకండి. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో 2017 నుంచి ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది. నెలలు తక్కువ పిల్లలకు ఆ పాలు వెళ్తాయి. దాతకు ముందు రక్తపరీక్షలు చేస్తారు, తీసిన పాలను పాశ్చరైజ్ చేస్తారు. కాబట్టి నింపేశాక ఫోన్ చేయడం కాకుండా ముందే మాట్లాడి, ఏ సీసాలో తీయాలి, ఎన్ని రోజుల పాలు తీసుకుంటారు అని కనుక్కోండి. నా ఫ్రీజర్‌లోని సంచుల్లో సగం మీద తేదీలు చెరిగిపోయాయి. అవి మా పెరట్లో కరివేపాకు మొదట్లోకి వెళ్లాయి.